ఎదురు చెప్పని కోడలు

జూన్ 2, సోమవారం

కోడలు ఇవాళ కూడా నా మాటకు ఎదురు చెప్పలేదు.

కూరలో ఉప్పు తక్కువైందన్నాను. వేసింది. కాసేపాగి ఎక్కువైందన్నాను. నిజానికి సరిపోయింది, ఏమంటుందో చూద్దామని అన్నాను. "సరే అత్తయ్యా" అని గిన్నె పట్టుకుపోయి నీళ్ళు కలిపి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ముందైతే "మీ నాలుకకి ఒక పూట సెలవివ్వండి అత్తయ్యా, రిటైరయ్యారుగా" అని ఉండేది.

ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచీ నా ఒక మాటకు రెండు మాటలు బాకీ లేకుండా అప్పజెప్పిన మనిషి. నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు నా గదిలోకి రావడానికి తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా తలుపు దగ్గర ఆగేవారు. ఈవిడ నా మంచం మీదే కూర్చుని నా తప్పులు నాకు విడమరిచేది. "మీ కోడలి నోటికి తాళం చేయించండి" అని పక్కింటావిడ ఎగతాళి చేసేది. ఇప్పుడు అదే మనిషి, "ఎంత అదృష్టం అక్కయ్యా, ముత్యంలా మారిపోయింది" అంటోంది.

ముత్యమే. అంతా బాగానే ఉంది.

కాల్పులు జరిగి నెల దాటింది. లారీ యార్డు ఎవరిదన్న గొడవలో రెండు ముఠాలు పట్టపగలు మార్కెట్ వీధిలో కాల్చుకున్నాయి. ఆ వీధిలోనే ఉన్న, కోడలు పనిచేసే లాండ్రీకీ ఆ గొడవకీ ఏ సంబంధమూ లేదు. ఇస్త్రీ బల్ల దగ్గర మా కోడలి పక్కన నిలబడి పనిచేసే పొట్టి తూటా తగిలి పోయింది. ఆ పిల్లకు మంచి పేరే ఉంది, ఎవరూ వాడగా వినలేదు. మా కోడలికి గోరంత గాయం కూడా కాలేదు. ఊరవతల పెద్దాసుపత్రికి తీసుకెళ్తే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబెట్టి, డాక్టరు రెండు ప్రశ్నలు వేసి, నిద్రమాత్రలు రాసి, "ఈమెకేం లేదు" అన్నాడు. మా వీధుల వాళ్ళకు దక్కేది అంతే.

ఏం లేదు కాబట్టే ఏం లేదన్నాడు.

జూన్ 3, మంగళవారం

"నానమ్మా, అమ్మ నీతో ఎందుకు పోట్లాడటం లేదు?" అని మనవరాలు అడిగింది. పెద్దవాళ్ళంటే గౌరవం అన్నాను. "మరి ముందు లేదా?" అంది. లెక్కలు చేసుకోమన్నాను.

జూన్ 5, గురువారం

ఒక నర్సు వచ్చింది. వీధి మొదట్లో ఉండగానే, "నేనండీ, నర్సుని, మీ ఇంటికే వస్తున్నా" అని కేకేసుకుంటూ వచ్చింది. ఇదేం పద్ధతి, వచ్చి తలుపు కొట్టవచ్చుగా అనుకున్నాను.

ముప్పై దాటి ఉంటాయి. బొద్దుగా ఉంది, చెప్పులు టపటపలాడించుకుంటూ నడుస్తుంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గడప పక్కన నేల మీద కూర్చుంది. కోడలు లోపల బఠాణీలు ఒలుస్తోంది. ఈవిడ చెయ్యి చాచి గుప్పెడు కాయలు తన ఒళ్ళో వేసుకుని తనూ ఒలవడం మొదలుపెట్టింది. ఏమీ అడగలేదు. ఎలా ఉన్నావని లేదు, ఆ రోజు ఏమైందని లేదు. బఠాణీల్లో పురుగుల గురించి మాట్లాడింది.

ఆవిడ అడగవలసినవి కూడా నేనే అడగవలసి వచ్చింది. ఏం చదివావు, ఎవరు పంపారు, జీతమెవరిస్తారు. "ఎవరూ పంపలేదు టీచరమ్మా. పెద్దాసుపత్రిలో డ్యూటీ చేస్తాను. సెలవు రోజుల్లో మన వీధులు తిరుగుతాను," అంది. చదువు నేననుకున్నదానికంటే ఎక్కువే ఉంది. సెలవు రోజున బఠాణీలు ఒలవడానికి అంత చదువు దేనికో.

వెళ్తూ వెళ్తూ చెప్పింది, గురువారాలు సాయంత్రం బేరాలు ముగిశాక సెలూన్లో కూర్చుంటారట. కాల్పుల్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు, అక్కడ ఉండి బతికి బయటపడ్డవాళ్ళు. ఆడవాళ్ళు సెలూన్లో కూర్చోవడమేమిటన్నాను.

"కుర్చీలు బాగుంటాయి టీచరమ్మా," అంది.

ఆవిడ వెళ్ళాక చూస్తే కోడలు ఒలిచిన గిన్నెలో ఒక్క తొక్క కూడా లేదు. నర్సు ఒలిచినవాటిలో బోలెడు ఉన్నాయి. ఏరి పారేశాను.

జూన్ 12, గురువారం

సెలూన్‌కు వెళ్ళాను. ఒంటరిగానే. ముందు నేను చూసి, పద్ధతిగా ఉంటే అప్పుడు కోడలి సంగతి ఆలోచించవచ్చని.

సెలూన్ నడిపే కత్తెరాయన నా దగ్గర చదివినవాడే. ఎక్కాలు రాక ఏడ్చేవాడు. నన్ను చూడగానే, "టీచరమ్మ గారూ, ఇక్కడ గోడకుర్చీ వేయించరుగా," అన్నాడు. ఇంత వయసొచ్చినా బుద్ధి మారలేదు. కానీ నేల ఎంత శుభ్రంగా ఉంచాడంటే, ఒక్క వెంట్రుక కనపడలేదు. ఈ పూట కోసం తనే తుడుస్తాడట, పనివాళ్ళకు కూడా వదలడట.

ఒక గోడంతా అద్దం. దాని ముందు వరసగా కుర్చీలు. వచ్చినవాళ్ళంతా అద్దం వైపు తిరిగి కూర్చుంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు, అద్దంలోకి చూసి మాట్లాడతారు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంటుంది. పాపం వేరే చోటు దొరక్క ఇలా సర్దుకుంటున్నారు. మనుషులు మాట్లాడుకోవలసిన తీరు ఇదా?

పండ్ల బండాయన మాట్లాడాడు. దుకాణం షట్టరు దించిన చప్పుడైతే తన ఒంట్లో ప్రాణం ఉండదట. బండి కింద దూరిపోతాడట. మొన్న ఒక పిల్లాడు నవ్వాడట. ఆయన ఆగినప్పుడల్లా ఎవరూ ఏమీ అనరు, నర్సు కూడా. ఆ మౌనం చూడలేక నేనే ధైర్యం చెప్పాను. పొద్దున్నే నడవాలి, పాలు తాగాలి, మనసు రాయి చేసుకోవాలి అని. ఇంకా చెప్పేదాన్ని.

"టీచరమ్మా," అంది నర్సు మెల్లిగా, "ఆయన పరీక్ష రాయడం లేదు. దిద్దకండి. వినండి చాలు."

అందరి ముందు. నాకు.

వచ్చినవాళ్ళ హాజరు రాస్తానంటే అదీ వద్దంది. పేరు కాగితం మీదకు ఎక్కిందంటే ముఠావాళ్ళకు చేరుతుందని వీళ్ళ భయమట. పోనీ టీ సంగతి చూస్తానన్నాను. ఇకనుంచి గ్లాసులు లెక్కపెడతాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

జూన్ 13, శుక్రవారం

మనసు రాయి చేసుకోమనడంలో తప్పేముంది? మా ఆయన పోయినప్పుడు నేను చేసుకోలేదా? మూడోనాడు బడికి వెళ్ళి పాఠం చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు.

జూన్ 19, గురువారం

కోడల్ని తీసుకెళ్ళాను. "సాయంత్రం సెలూన్‌కు రా" అన్నాను, "సరే అత్తయ్యా" అంది. చెప్పులు వేసుకుని బయటికొచ్చి నిలబడింది. అబ్బాయి బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీకి వెళ్ళబోతూ మా ఇద్దర్నీ చూసి, "ఒకే దిక్కుకా? అదీ పోట్లాడుకోకుండా?" అన్నాడు. నవ్విద్దామని అన్నాడు. కోడలు నవ్వలేదు. వాడి మొహం చూడలేకపోయాను.

చివరి కుర్చీలో కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. టీ తీసుకుంది. వేడి గ్లాసు రెండు చేతుల మధ్యా పట్టుకుని, కాళ్ళు నేలకు ఆనించి, నేల ఎలా ఉందో గమనించమని నర్సు అందరికీ చెప్తుంది. ఇదేం వైద్యం అనుకున్నాను కానీ నేనూ ఆనించాను. చల్లగా ఉంది.

చివర్లో నర్సుతో, చూశావా, నేను చెప్పగానే వచ్చింది అన్నాను. నర్సు గ్లాసులు కడుగుతోంది.

"మీరు చెప్పారని వచ్చింది టీచరమ్మా. వద్దంటే మానేస్తుంది. అది రావడం కాదు."

"మరేమిటి?"

"బాగా భయపడిన మనిషి అన్నిటికీ సరేనంటుంది. కాదంటే ఏమవుతుందోనని. కాదనడం మొదలుపెట్టినప్పుడు నాకు చెప్పండి. స్వీట్లు పంచుకుందాం."

ఈ పిల్ల మాటలు నాకు నచ్చవు. ఇంటికొచ్చే దారిలో అవే మెదులుతున్నాయి.

జూన్ 21, శనివారం

నర్సుకు పెద్దాసుపత్రి వాళ్ళు వారం పాటు పక్క ఊళ్ళో డ్యూటీ వేశారు. వచ్చే గురువారం తను ఉండదు. మామూలుగా కూర్చోండి, కొత్తగా ఏమీ చెయ్యొద్దు అని చెప్పి వెళ్ళింది.

నేను ఊరుకుంటానా? బడికి వెళ్ళాను. ఇప్పటి హెడ్మాస్టరు నా కింద పనిచేసినవాడు, కాదనలేకపోయాడు. గురువారం సాయంత్రం పెద్ద హాలు ఇచ్చాడు. ఫ్యాన్లున్నాయి. వెలుతురుంది. మంచినీళ్ళున్నాయి. వెంట్రుకల మధ్య కూర్చోవలసిన ఖర్మ వాళ్ళకు తప్పుతుంది. నర్సు వచ్చి చూసి ఆశ్చర్యపోవాలి.

కుర్చీలు నేనే దగ్గరుండి వేయిస్తాను. వరసలు సూటిగా రావాలి.

జూన్ 26, గురువారం

హాలు

జూన్ 27, శుక్రవారం

హాలులో ఏ లోపమూ లేదు. కుర్చీలు వరసగా వేయించాను. వేదిక వైపు తిరిగి కూర్చుంటే తలుపు వీపు వెనక ఉంటుంది, ఏ హాల్లోనైనా అంతే. వచ్చినవాళ్ళెవరూ కూర్చోలేదు. గోడకు వీపు ఆనించి నిలబడ్డారు. కూర్చోండి, కూర్చోండి అని నేనే అన్నాను. కోడలు మాత్రం నేను చూపించిన చోట, ముందు వరసలో, కూర్చుంది. మాట జవదాటదు కదా.

ఫ్యాన్ల గాలికి తలుపు కొట్టుకుంటోందని అటెండరు దాన్ని మూశాడు. ఇనుప తలుపు. గట్టిగా పడింది.

పండ్ల బండాయన నేల మీద పడుకున్నాడు. ఎవరో అరిచారు. రెండు వరసల కుర్చీలు తిరగబడ్డాయి. కోడలు వేదిక మీది బల్ల కిందకు దూరి, రెండు చేతులూ చాచి అక్కడ లేని మనిషిని ఎవరినో లోపలికి లాగుతోంది. లాగుతూనే ఉంది.

తప్పు అటెండరుది.

ఇంటికి వచ్చేటప్పుడు, ఏమనుకోకమ్మాయ్ అన్నాను. "పర్లేదు అత్తయ్యా, హాలు బాగుంది," అంది.

జూన్ 28, శనివారం

అటెండరుది కాదు.

జూన్ 30, సోమవారం

సెలూన్‌కు వెళ్ళి, బేరాలెవరూ లేనప్పుడు ఒక కుర్చీలో కూర్చున్నాను. నా వెనక తలుపు అద్దంలో కనిపిస్తోంది. తల తిప్పనక్కర్లేదు. ఎవరొస్తున్నారో, ఎవరెళ్తున్నారో, వాళ్ళ చేతుల్లో ఏముందో. పక్క కుర్చీలో మనిషి ఏడిస్తే అద్దంలో కనిపిస్తుంది, చూడదలచుకోకపోతే మన మొహమే మనం చూసుకోవచ్చు.

వేరే చోటు దొరక్క కాదు. నర్సు ఈ వీధిలో ఖాళీగా ఉన్న గదులన్నీ చూసిందట. గోదాము చూసింది, సంఘం ఆఫీసు చూసింది, మా బడి హాలు కూడా చూసిందట. చూసి, దీన్ని ఎంచుకుంది. కత్తెరాయన చెప్పాడు. ఎన్నేళ్ళు బడి నడిపాను నేను, ఎన్ని గదుల్లో ఎన్ని బెంచీలు వేయించాను. కూర్చున్నవాళ్ళకు ఏం కనపడుతుందని ఒక్కసారి కూడా కూర్చుని చూసినట్టు గుర్తులేదు.

"మీరు మమ్మల్ని మళ్ళీ బడికి తోలుకుపోయారు టీచరమ్మ గారూ. మేమసలే బడి ఎగ్గొట్టినవాళ్ళం," అన్నాడు కత్తెరాయన. వాడికి కోపం లేదు. ఉంటే బాగుండేది.

సాయంత్రం నర్సు వచ్చింది. తిడుతుందని సిద్ధపడి ఉన్నాను. "రేపు నాతో రండి, ఇళ్ళకు వెళ్దాం," అంది అంతే.

జూలై 1, మంగళవారం

నర్సు వెంట తిరిగాను. గురువారం మళ్ళీ సెలూన్లోనే అని చెప్పడం, అంతే మా పని. రండి అని బతిమాలడం లేదు.

ఆవిడ పని చూడవలసిందే. ప్రతి వీధి మొదట్లోనూ కేకేస్తుంది. తలుపు కొట్టదు, కొడితే లోపలి వాళ్ళు ఉలిక్కిపడతారని. నాకిది ఇవాళే తెలిసింది. ఎవరింట్లో ఎక్కడ కూర్చుంటే వాళ్ళకు తలుపు అడ్డం రాదో ఆవిడకు కంఠతా వచ్చు. పండ్ల బండాయన మొహం చాటేస్తే, బయటే నిలబడి అరటిపండ్లు బేరమాడింది. బేరం కుదరక ఇద్దరూ కాసేపు తిట్టుకున్నారు. ఆయన కుదుటపడ్డాడు. "సరే సరే, గురువారం అక్కడే ఇస్తాలే" అన్నాడు. ఇంత పెద్ద చదువు ఇంత చిన్నగా మడిచి చేతిలో పెట్టుకుని తిరిగే మనిషిని నేను చూడలేదు.

ఆఖరున పొట్టి వాళ్ళమ్మ ఇల్లు. ఆవిడ ఇంతవరకూ సెలూన్‌కు రాలేదు. లోపలికి రమ్మనలేదు. నన్ను చూసి అంది,

"మీ కోడలు బతికింది. మంచిదే. పక్కనే ఉంది కదా, నా పిల్ల చివర్లో ఏమందో చెప్పమనండి. నన్ను పిలిచిందో లేదో. అది చెప్తే చాలు. ఇంకేమీ అక్కర్లేదు నాకు."

బయటికొచ్చాక నర్సును అడిగాను, కోడలికి చెప్పనా, దాచనా అని.

"దాచకండి. కానీ వెళ్ళమని చెప్పకండి, వద్దనీ చెప్పకండి."

"అంటే?"

"అడగండి. కాదనడానికి వీలుగా అడగండి."

నాకది రాదు. ఇన్నేళ్ళలో నేను అడిగినవన్నీ జవాబు తెలిసిన ప్రశ్నలే.

నేను ఒక్క మాటంటే చాలు, కోడలు సరే అత్తయ్యా అని వెళ్తుంది. వెళ్ళి ఆవిడ ముందు నిలబడి, బల్ల కింద చేతులు చాచినట్టే చాచి, ముక్కలైపోతుంది. అంత సులువు. అదే నా భయం.

జూలై 2, బుధవారం

పొద్దుటి నుంచి లోలోపల వల్లె వేసుకున్నాను. ప్రతిసారీ హుకుంలాగే వచ్చింది.

బట్టలు ఉతుకుతుండగా వెళ్ళి చెప్పాను. పొట్టి వాళ్ళమ్మ ఏమడిగిందో, ఆవిడ మాటల్లోనే.

కోడలు చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది. "మీరేమంటే అది అత్తయ్యా," అంది.

"నేనేమీ అనను."

"వెళ్ళమంటారా?"

"అనను."

"వద్దంటారా?"

"అనను. నీ ఇష్టం. నిజంగానే నీ ఇష్టం."

నా వైపు చాలాసేపు చూసింది. రెండు నెలలుగా నా మొహం వైపు చూసి మాట్లాడలేదన్న సంగతి అప్పుడు గ్రహించాను. కుళాయి పారుతోంది. నీళ్ళు వృథా అవుతున్నాయి అని చెప్పబోయి ఊరుకున్నాను.

జూలై 3, గురువారం

సాయంత్రం చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. పిలవలేదు. కోడలు లోపలి నుంచి వచ్చి తలుపు చట్రం పట్టుకుని అంది, "నేను రాను అత్తయ్యా."

నేనేదో చేస్తానన్నట్టు చట్రం గట్టిగా పట్టుకుంది.

"సరేనమ్మాయ్," అన్నాను. సరేననడం ఈసారి నా వంతు.

దారంతా కాళ్ళు నేలకు ఆనలేదు. సెలూన్‌కు వెళ్ళగానే నర్సుకు చెప్పాను, రానంది, రానంది అని. బడిలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లలా చెప్పి ఉంటాను. నర్సు టీ కెటిల్ కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడే అద్దంలో చూశాను. పొట్టి వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మొదటిసారి వచ్చింది. కుర్చీలన్నీ ఒక్కొక్కటే చూసింది, ఎవరెవరున్నారో. మా కోడలు లేదు.

కూర్చుంది. టీ ముట్టుకోలేదు. అందరూ వెళ్ళేదాకా ఉండి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

సంతోషించినందుకు నాకు సిగ్గేసింది. సిగ్గేసినా సంతోషం పోలేదు.

జూలై 5, శనివారం

కోడలు ఏమీ అడగలేదు. పొట్టి వాళ్ళమ్మ వచ్చి వెళ్ళిందని నేను చెప్పాను. దాచొద్దంది కదా నర్సు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఎంత కష్టమో నాకే తెలుసు. నాలుక కొసన మాట పెట్టుకుని మింగడం ఈ వయసులో నేర్చుకుంటున్నాను.

జూలై 8, మంగళవారం

కోడలు మాత్రలు వేసుకోనంది. అబ్బాయి నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

జూలై 10, గురువారం

మొదటి నుంచీ రాస్తాను. ఏదీ వదలకూడదు.

కోడలు రాననలేదు, వస్తాననలేదు. నేను వెళ్ళిపోయాను. పొట్టి వాళ్ళమ్మ ముందే వచ్చి మధ్య కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ పక్క కుర్చీ ఖాళీ. ఎవరూ దాంట్లో కూర్చోలేదు, అది ఎవరి కోసమో చెప్పుకోనక్కర్లేదు. నేను ఆ చివర ఉన్నాను. పండ్ల బండాయన షట్టర్ల సంగతి చెప్తున్నాడు, ఇప్పుడు తనకు తనే ముందుగా "షట్టరు పడుతోంది" అని చెప్పుకుంటాడట. కత్తెరాయన, మా వీధిలో షట్టర్లన్నీ ఇకనుంచి నీకు చెప్పే దించుతాం అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే దుకాణాల వాళ్ళతో మాట్లాడాడట.

అద్దంలో కోడలు కనిపించింది. గుమ్మంలో చాలాసేపు నిలబడింది. ఎవరూ పిలవలేదు. నర్సు కూడా. నడిచొచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది.

పొట్టి వాళ్ళమ్మ తల తిప్పలేదు. అద్దంలోకి చూస్తూనే అడిగింది.

"నన్ను పిలిచిందా?"

"లేదు పిన్నీ," అంది కోడలు. "పిలవడానికి వ్యవధి లేదు. నవ్వుతోంది."

"నవ్వుతోందా?"

"నేనే నవ్వించాను. మొదటి చప్పుడు నాకు వినపడింది. దానికి వినపడలేదు, అంతలా నవ్వుతోంది. లాగాను పిన్నీ. బల్ల కిందకు లాగాను. అది ఇంకేదో వేషం అనుకుంది. నేను నవ్వించకుండా ఉంటే వినేది."

ఇన్నాళ్ళూ కోడలి లోపల ఇది ఉంది. కూరలో నీళ్ళు కలుపుతున్నప్పుడూ ఉంది.

నర్సు ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఏమీ చెప్పలేదు. నీ తప్పేం లేదు అని కూడా అనలేదు. ఆ మాట చెప్పవలసిన మనిషి తను కాదని ఆవిడకు తెలుసు. నేనైతే ఆపాటికి పాతికసార్లు అనేసి ఉండేదాన్ని.

పొట్టి వాళ్ళమ్మ అంది, "అది చిన్నప్పటి నుంచీ అంతే. నవ్వు మొదలైతే పిడుగు పడినా వినపడేది కాదు. ఎన్నిసార్లు దెబ్బలు తిందో." తర్వాత అంది, "దేనికి నవ్వింది?"

కోడలు తల వంచేసింది.

"చెప్పమ్మా. దేనికి?"

కోడలు తల ఎత్తి అద్దంలో వెతికింది. వెతికి నన్ను చూసింది. అప్పుడు అర్థమైంది నాకు. సరే అత్తయ్యా, సరే అత్తయ్యా అని రెండు నెలలుగా నా ముందు తల ఎందుకు ఎత్తలేదో.

"మా అత్తయ్యలా చేసి చూపిస్తున్నాను," అంది.

అందరి కళ్ళూ అద్దంలో నా మీదికొచ్చాయి.

"ఎలా చేశావు?" అంది పొట్టి వాళ్ళమ్మ. "నాకూ చెయ్యి. అది చూసింది నేనూ చూస్తాను."

కోడలు నన్నే చూస్తోంది. "చెయ్యి అమ్మాయ్" అన్న మాట నా పెదవుల దాకా వచ్చింది. మింగేశాను. అంటే అది నేను చెప్పినందుకు చేసినట్టవుతుంది.

లేచి నిలబడింది. వీపు నిటారుగా పెట్టింది. గడ్డం పైకెత్తింది. కనపడని మేజోడు ఒకటి రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, నా గొంతుతో, నా గొంతే, "అమ్మాయ్. ఇది జతలో ఒకటి. రెండోది ఏది? ఇవాళ మేజోడు పోయింది. రేపు బల్ల పోతుంది. ఎల్లుండి ఇల్లు పోతుంది. అప్పుడు మనం ఎక్కడ కూర్చుని వెతుకుతాం?" అంది. లేని కళ్ళజోడు ఎడమ చేత్తో తీసి, తుడిచి, పెట్టుకుని, మేజోడును మళ్ళీ తనిఖీ చేసింది. "దీన్నే అడుగు. దీనికి తెలిసే ఉంటుంది."

ముందు కత్తెరాయన. వాడు నా దగ్గర చదివినవాడు కదా, తట్టుకోలేకపోయాడు. తర్వాత పండ్ల బండాయన. తర్వాత పొట్టి వాళ్ళమ్మ. ఆవిడ నవ్వు మొదట దగ్గులా వచ్చింది, తర్వాత పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయింది. "ఇలాగేనా? ఇలాగే నవ్విందా?" అని అడుగుతూ నవ్వింది. "ఇలాగే పిన్నీ, అచ్చం ఇలాగే," అంటూ కోడలు ఏడ్చింది. ఆవిడ చెయ్యి చాచి కోడలి మణికట్టు పట్టుకుంది. "మంచిదే. నవ్వుతూ పోయింది. నువ్వు లాగావు కదా. లాగావు," అంది. ఆ మాట చాలాసార్లు అంది.

నేనూ నవ్వాననుకుంటాను. గ్లాసులు లెక్కపెట్టలేదు.

ఇంటికి కలిసి నడిచాం. వెలుతురింకా ఉంది. కోడలు కళ్ళు ఉబ్బిపోయాయి, నడక మాత్రం ముందటి నడక, నన్ను వెనకపడేసే నడక. సోమవారం నుంచి లాండ్రీకి వెళ్తానంది. కొన్నాళ్ళాగవచ్చుగా అన్నాను. "ఆగను," అంది. పొట్టి చోటులో కొత్తమ్మాయి వస్తోందట, పని నేర్పాలట. ఆ వీధిలోకి, ఆ గదిలోకి, ఆ బల్ల దగ్గరికే. నేనైతే వెళ్ళగలనా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. రాయి చేసుకుని వెళ్ళి ఉంటాను. ఈ పిల్ల రాయి కాకుండానే వెళ్తోంది.

ఇంటికొచ్చాక ఒక సంగతి ఉండబట్టలేక చెప్పాను. అనుకరణ చాలావరకు సరిగ్గానే ఉంది కానీ ఒక తప్పు దొర్లింది, నేను కళ్ళజోడు ఎడమ చేత్తో తీయను, కుడి చేత్తో తీస్తాను అని.

"ఎడమ చేత్తోనే తీస్తారు అత్తయ్యా."

"నా కళ్ళజోడు నాకు తెలియదా?"

"తెలియదు," అంది. "ఇప్పుడు ఏ చేతిలో ఉందో చూసుకోండి."

చూసుకున్నాను.